పన్నెండు వారాల తెలుపు

లోపలి గది తలుపుకి గడియ పడి అప్పటికే గంట దాటింది.

"అక్కా, తలుపు తియ్యక్కా! పదకొండింటికి ఫోటో. కారు పంపుతున్నారు, కారు! మన సందులోకి మనకోసం కారెప్పుడన్నా వచ్చిందా, నువ్వే చెప్పు" అంటూ తమ్ముడు తలుపు బాదుతున్నాడు. కొత్త చొక్కా, కొత్త టై. ముడి వేయడం రాక ఎవరినో బతిమాలి వేయించుకున్నాడు. అది ఇప్పుడు గొంతు దగ్గర బిగిసి, మాట మాటకీ కళ్ళు బయటికి తెప్పిస్తోంది.

తలుపు ఉలకలేదు, పలకలేదు.

వంటింటి గడప మీద కాగుల మేస్త్రి టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. టీ చల్లారి తొరక కట్టింది. చేపల ఫ్యాక్టరీలో తోళ్ళూ పొలుసులూ ఉడికించే కాగుల దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఆయనే మేస్త్రి. అక్కడ ఆవిరి మోతలో అరిచి అరిచి గొంతు పెద్దదైంది. ఇంటికొచ్చేసరికి ఆ గొంతుని ఎక్కడ దాచిపెడతాడో భార్యకి ఇరవై నాలుగేళ్ళ కాపురంలో కూడా తెలియలేదు.

కూతురు కుర్చీలో ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చుంది. అదే ఫ్యాక్టరీ ల్యాబులో పని ఆమెది. పొద్దున తల దువ్వుకుంటున్న తల్లితో ఒక్క ముక్క అంది. ఆ ముక్కకే దువ్వెన వెళ్ళి గోడకి తగిలింది, తలుపు మూసుకుంది.

"అమ్మా, నువ్వు తాగింది అసలు పొడి కాదు. ఉత్త పిండి."

"ఏం పిల్లవే నువ్వు?" తమ్ముడు తలుపుని వదిలి మేనకోడలి మీదికి తిరిగాడు. "ఫ్యాక్టరీ కొత్త పొడి డబ్బా మీద కన్నతల్లి ముఖం పడుతుంటే ఇంకో పిల్లయితే ఎగిరి గంతేస్తుంది. నువ్వు పిండి అంటావా? పొద్దున్నే? పళ్ళన్నా తోముకున్నావా?"

"డబ్బా మీద పడేది అమ్మ ముఖం. ఆ డబ్బాలు అమ్ముకునే ఏజెన్సీ నీది. గంతెవరు వెయ్యాలి మావయ్యా?"

"చూశావా బావా? చూశావా నోరు?"

కాగుల మేస్త్రి గ్లాసులోకి చూశాడు. తొరకని వేలితో పక్కకి తోశాడు. తాగలేదు.

గది లోపల పొలుసులక్క అద్దం ముందు కూర్చుని ఉంది. ఫ్యాక్టరీలో ఆమెని అందరూ పిలిచేది ఆ పేరుతోనే. పద్దెనిమిదేళ్ళు ఎండ సెక్షన్లో పనిచేసింది. సిమెంటు నేల మీద పరిచిన చేప పొలుసుల్ని గంటకోసారి పారతో తిరగెయ్యడం, ఎండిన వాటిని గోతాలకెత్తి మొగుడి కాగులకి పంపడం. నెత్తి మీద ఎండ, కాళ్ళ కింద ఎండ. పెళ్ళయిన కొత్తలో అత్త "బొగ్గూ, ఇలా రా" అని పిలిచేది. ప్రేమగానే పిలిచేది. తిట్టుగా అని ఉంటే ఎదురు తిరిగి ఉండేది. ప్రేమగా అన్నదానికి ఏమని తిరుగుతుంది?

రంగు తేల్చే ఆ పొడి పరీక్షకి పేరిచ్చిన ఈ పన్నెండు వారాలుగా అద్దం ఆమెతో మంచిగా ఉంటోంది. పాలు పోసేవాడు "ఏంటక్కా, రంగు తేలావు" అన్నాడు. ఎదురింటావిడ, ఏనాడూ గుమ్మం దాటి రానిది, చక్కెర అడిగే వంకతో వచ్చి ఆ పొడి పేరేమిటని చెవిలో అడిగింది. ఒక మంగళవారం నాడు మొగుడు తువ్వాలు అందుకుంటూ ఆగి, ముఖంలోకి చూసి, "బాగున్నావే" అన్నాడు. మంగళవారమని ఆమెకి ఎందుకు గుర్తుండిపోయిందంటే, అంతకుముందు అలా అన్న రోజు ఒక్కటి కూడా గుర్తు లేదు గనక.

ఇప్పుడు కడుపున పుట్టింది వచ్చి పిండి అంటోంది.

గడియ తీసింది. తమ్ముడు తలుపుకి ఆనుకుని ఉన్నాడేమో, ముందుకు తూలాడు. ఆమె అతన్ని చూడలేదు. సూటిగా కూతురి ముందుకి వెళ్ళి నిలబడింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"నిన్న సాయంత్రం. ఎవరికేమిచ్చారో రాసి ఉంచిన సీలు కవరు విప్పారు. నలభై మందిలో ఇరవై మందికి పొడి, ఇరవై మందికి అదే రంగు పిండి. నీ నంబరు పిండి జాబితాలో ఉంది."

"నాకు చేప వాసన వచ్చేదే. తాగినప్పుడల్లా వచ్చేది."

కూతురు ఫైలు మీదికి తల వంచుకుంది. "అది మన ఒంటి వాసనమ్మా" అంది. "మన ఇంట్లో మంచినీళ్ళకి కూడా అదే వాసన."

తమ్ముడు నవ్వబోయి, అక్క ముఖం చూసి, ఆ నవ్వుని దగ్గుగా మార్చుకున్నాడు.

"మరి ఇదేంటి?" పొలుసులక్క తన చెంప మీద తానే కొట్టుకుంది. "ఇది కూడా పిండేనా? గోకు. గోకి చూడు, రాలుతుందేమో!"

"తెలుపు నిజమేనమ్మా. రంగు మీటరు పట్టింది నేనే కదా. మొదటి రోజు నీ చెంప యాభై ఎనిమిది, మొన్న నలభై తొమ్మిది. ఎంత తగ్గితే అంత తేలినట్టు. కానీ పొడి తాగినవాళ్ళకీ అంతే తగ్గింది, పిండి తాగినవాళ్ళకీ అంతే తగ్గింది. ఎందుకంటావు?"

తమ్ముడు టై ముడి తడుముకున్నాడు.

"రోజూ పదింటికి సూపర్వైజరు కళ్ళముందే పొట్లం నీళ్ళలో కలుపుకుని తాగాలన్నారు. ఒక్కరు కూడా తప్పిపోకూడదన్నారు. అందుకని నలభై మందినీ ఎండ సెక్షన్ నుంచి తీసుకొచ్చి ప్యాకింగు హాల్లో కూర్చోబెట్టారు. పన్నెండు వారాలు. నీడలో, ఫ్యాన్ల కింద. హాజరు చూసుకున్నాం గానీ ఎండ సంగతి చూసుకోలేదు. మేనేజరుకి తట్టలేదు, పెద్ద ల్యాబాయనకి తట్టలేదు, అమ్మ రోజూ తలగుడ్డా చెమటా లేకుండా ఇంటికొస్తుంటే చూస్తున్న నాకూ తట్టలేదు. ఎండలోంచి తీసి నీడలో పెడితే ఎవరికైనా రంగు తేలదా?"

గడప దగ్గర గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

"అంటే నా కాగులో ఉడికిందంతా అబద్ధమా?" అన్నాడు కాగుల మేస్త్రి.

అతను ఆ పొద్దుటినుంచీ ఆడిన మొదటి మాట అది. కుక్కలకి పారేసే తోళ్ళని, ఈగలు ముసిరే పొలుసుల్ని కడిగి, నానబెట్టి, వేడి ఏ గీత దగ్గర ఆపాలో చేత్తో ఆవిరి చూసి చెప్పేవాడు అతను. ఆ తెల్లటి పొడిని మొదటిసారి గాజు సీసాలో పోసి చూపించిన రోజు, తను కన్న బిడ్డని చూసుకున్నట్టే చూసుకున్నాడు.

"నీ కాగు మంచిదే నాన్నా" అంది కూతురు. గొంతు మెత్తబడింది. "ల్యాబులో ఊదారంగు మందునీళ్ళుంటాయి. నీ పొడి చుక్క పడితే ఆ ఊదా విరిగి తేటపడుతుంది. ఇనుముకి తుప్పు పట్టినట్టు ఒంట్లో జరిగే పాడుని అది ఆపగలదేమోననడానికి అదో గుర్తు. ఒంట్లో నలుపు తయారుచేసే పదార్థం ఒకటుంది, గాజు గొట్టంలో దాని పని కూడా నెమ్మదించింది. నేనే చేశాను ఆ పరీక్ష. నాకు గర్వంగానే ఉంది."

"ఇంకేం మరి!" తమ్ముడు చేతులు చరిచాడు. "పనిచేస్తుందని నీ నోటితోనే అన్నావు!"

"గొట్టంలో, మావయ్యా."

"గొట్టమైతే ఏంటి, మనిషైతే ఏంటి?"

"గొట్టం ఎండలోకి వెళ్ళదు. దానికి అత్తగారుండదు. తెల్లబడకపోతే ఏడవదు." కూతురు ఫైలు మూసింది. "మనుషుల్లో తేడా కనబడలేదు. కనబడలేదని రాస్తే గొడవే లేదు. పిండి జాబితా తీసేసి, నలభై మందీ పొడే తాగారని రాసుకొచ్చి, సంతకం పెట్టమంటున్నాడు మేనేజరు. నేను పెట్టను."

"పెట్టకపోతే?"

"సోమవారం నుంచి రావద్దన్నాడు."

"పెట్టెయ్యమ్మా" అన్నాడు తండ్రి, నేల చూపులు చూస్తూ. "మనం ఎవరి గొంతూ కొయ్యట్లేదు కదా. తాగితే చచ్చేదేమీ కాదు."

"పెట్టదు బావా. ఎందుకు పెడుతుంది?" తమ్ముడు అందుకున్నాడు. "చదువుకుంది కదా!"

పొలుసులక్క అప్పటిదాకా కూతురి ముఖాన్నే చూస్తోంది. తన ముక్కు, తన నుదురు, తన రంగు. నోట్లోంచి మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"అది కాదురా. దీనికి నా రంగే వచ్చింది. నేనొక్కదాన్నే తేలిపోతుంటే ఓర్చుకోలేకపోయింది."

తమ్ముడు టై సర్దుకోవడం ఆపేశాడు.

కూతురు ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది, తల్లి వెళ్ళి పట్టుకునేది. ఆ పిల్ల ఫైలు అంచుని గోటితో గీసుకుంటూ, "నేనెప్పుడన్నా తేలాలన్నానా అమ్మా?" అని మాత్రం అడిగింది.

వీధిలో కారు హారను మోగింది.

"నడవండి" అంది పొలుసులక్క, కొంగు దులుపుకుని. "నేను ఫోటో తీయించుకుంటాను. ఎవరు ఆపుతారో చూస్తాను."

*

ఫ్యాక్టరీలో మేనేజరు గదికి ఆనుకుని ఉన్న ప్యాకింగు హాల్లో గొడుగుల్లాంటి తెల్ల దీపాలు నిలబెట్టారు. ఒకమ్మాయి పొలుసులక్కని స్టూలు మీద కూర్చోబెట్టి ముఖానికి ఏదో పూయబోయింది.

"ఇదెందుకు? పొడి తాగాను కదా" అంది పొలుసులక్క.

"లైట్లకి ఆంటీ. కొంచెం తెల్లగా పడాలి."

"ఇంకానా?"

అమ్మాయి నవ్వి దూది తీసింది. పొలుసులక్క ఆమె భుజం మీదుగా ఎదురుగోడ చూసింది. అక్కడ మనిషెత్తు అట్ట ఆనించి ఉంది. మధ్యలో గీత. కుడి పక్క ఖాళీ, కింద 'తర్వాత' అని రాసి ఉంది. ఎడమ పక్క ఆమె ఉంది.

మొదటి రోజు ఎండ సెక్షన్లో తీసిన ఫోటో అది. ఎండకి కళ్ళు చికిలించి, నుదుటి మీద చెమట కారుతూ, గడ్డానికి పొలుసు ఒకటి అంటుకుని, చేతిలో పార. ఆ ముఖం మీద వెలుతురు తగ్గించి ఇంకాస్త మసి పట్టించారు. చెంప దగ్గర ఎర్రగా గుండ్రంగా గీత గీసి, అందులోంచి బాణం లాగారు. కింద 'ముందు'.

బాణం కొసన ఏం రాసుందో ఆమెకి కూడబలుక్కుంటే గానీ తెలియలేదు. 'జీవం లేని చర్మం.'

ఆ ఫోటో తీసిన రోజు ఆమెకి బాగా గుర్తుంది. ఆ రోజు వాన మబ్బు పట్టింది. పన్నెండు గోతాల పొలుసులు తడిసిపోకుండా ఒక్కతే పరుగులు పెట్టి లోపల వేసింది. మబ్బు వీడాక మళ్ళీ అన్నీ పరిచింది. అప్పుడే కెమెరా పట్టుకొచ్చి 'అక్కా, ఇటు చూడు' అన్నారు. తన పని చూసి ముచ్చటపడి తీస్తున్నారనుకుంది. అందుకే ఆ చెమటలో కూడా కొంచెం నవ్వుతోంది.

ఆ నవ్వు ఉంచారు. దాని చుట్టూ జబ్బు రాశారు.

"ఆంటీ, కళ్ళు మూసుకోండి."

పొలుసులక్క ఆ చేతిని పక్కకి నెట్టి లేచింది.

మేనేజరు నవ్వుతూ ఎదురొచ్చాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. "అమ్మా, ఇలా రండి. మీరే మా కంపెనీకి వెలుగు ఇప్పుడు."

"బుజ్జీ" అని పిలిచింది ఆమె. గుమ్మం దగ్గర నిలబడ్డ కూతురు ఉలిక్కిపడింది. పొద్దున అంత మాట అన్నాక తల్లి ముద్దుపేరుతో పిలుస్తుందనుకోలేదు. "ఆ మీటరు తే."

"అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు" అన్నాడు మేనేజరు.

"నా చర్మం కదండీ. ఎంతుందో నాకు తెలియొద్దా?"

కూతురు తెచ్చింది. పొలుసులక్క రవిక చెయ్యి భుజం దాకా మడిచింది. ఆ చేతి లోపలి భాగం పద్దెనిమిదేళ్ళుగా ఎండ మొహం చూడలేదు. "ఇక్కడ పెట్టు. గట్టిగా చదువు."

చిన్న చప్పుడు. "నలభై నాలుగు" అంది కూతురు. ఇన్ని వారాలూ చెంపలకే పట్టింది మీటరు. చేతికి పట్టాలని తనకి తట్టనేలేదు.

"చెంప ఎంత?"

"నలభై తొమ్మిది."

"విన్నారా?" పొలుసులక్క హాలంతా వినబడేలా అంది. ప్యాకింగు బల్లల దగ్గర తలలు లేచాయి. "పొడి తాగిన చెంప కంటే తాగని చెయ్యి తెల్లగా ఉంది! ఇదేం వైద్యం? మా దర్జీ చేసిన వైద్యం. రవిక చెయ్యి పొడుగ్గా కుట్టాడు మహానుభావుడు. డబ్బా మీద ఆయన ఫోటో వేసుకోండి."

బల్లల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి పాకింది.

"అక్కా!" తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, నీకు దణ్ణం పెడతాను. నా ఏజెన్సీ అక్కా."

"దణ్ణం తర్వాత పెడుదువు గానీ, ముందు ఆ టై వదులు చేసుకో. ఊపిరాడక చస్తావు."

"అమ్మా, మీకు సైన్సు తెలియదు" అన్నాడు మేనేజరు. ఇంకా మెత్తగానే అన్నాడు, కాకపోతే నవ్వు పోయింది.

"తెలియదు. ఎండ తెలుసు. నా కూతురికి సైన్సు తెలుసు. రెండూ ఒకటే మాట చెప్తున్నాయి. మీకే కుదరట్లేదు." అట్ట దగ్గరకి నడిచి, ఎర్ర గీత మీద వేలు పెట్టింది. "పొద్దున నేను తెల్లబడ్డానని ఎంత మురిసిపోయానో దేవుడికి తెలుసు. దీనికి అడ్డం పడిందని కన్నపిల్లని అనరాని మాట అన్నాను. తప్పు నాది. కానీ ఈ ముఖానికి జీవం లేదని రాసిందెవరండీ? ఈ ముఖంతోనే మీ పొలుసులు ఎండబెట్టాను. దీంతోనే పిల్లని చదివించాను. ఇది 'ముందు' కాదు. ఇది నేను."

మేనేజరు ఫోను తీసి, "కాగుల మేస్త్రిని పంపండి" అన్నాడు.

కారు దిగగానే డ్యూటీకెళ్ళిన కాగుల మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఒంటినిండా ఆవిరి, రబ్బరు బూట్లు. భార్యని, అట్టని, కూతురి చేతిలో మీటరుని వరసగా చూశాడు. ఏం జరిగిందో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"మేస్త్రీ, నీ కూతురి సంతకం మాకు అక్కర్లేదు" అన్నాడు మేనేజరు. "పొడి తయారు చేసింది నువ్వు. పొట్లాలకి సరుకు ఇచ్చింది నువ్వు. అన్నీ ఒకే కాగు సరుకని ఈ కాగితం మీద సంతకం పెట్టు. చాలు. మిగతాది మేం చూసుకుంటాం."

"రెండు డ్రమ్ములు సార్" అన్నాడు మేస్త్రి. "ఒకటి కాగుది. ఒకటి బయటినుంచి వచ్చిన పిండి."

"ఒకటే అనుకో. మీ ఇంట్లో ఒకరి పని ఎలాగూ పోయింది. రెండోది కూడా పోవాలా?" పెన్ను మూత తీసి ఆ తడి చేతిలో పెట్టాడు. "ఇంటికి పెద్దవాడివి. ఆడవాళ్ళకి చెప్పుకోలేవా?"

కాగుల మేస్త్రి భార్య వైపు చూశాడు. ఏదో ఒకటి అనమన్నట్టు చూశాడు. వద్దంటే మానేసేవాడు, కానిమ్మంటే పెట్టేసేవాడు. ఇరవై నాలుగేళ్ళూ అలాగే గడిపాడు మరి.

"నా వైపు చూడకు" అంది పొలుసులక్క. "నేను చెప్పను. ఏ డ్రమ్ములో ఏం పోశావో నీ చేతులకి తెలుసు. ఆ పొడి నువ్వు కన్న బిడ్డలాంటిదన్నావు ఒకప్పుడు. దాని పేరుతో అబద్ధం అమ్ముకుంటారట. నీ ఇష్టం."

అంతే. చరచరా నడిచి పక్క తలుపు తోసుకుని ఎండ సెక్షన్లోకి వెళ్ళిపోయింది.

మిట్టమధ్యాహ్నపు వెలుతురు ముఖాన కొట్టింది. సిమెంటు నేల మీద పొలుసులు తళతళమంటున్నాయి. పన్నెండు వారాలుగా ఎవరెవరో కొత్తవాళ్ళు తిరగేస్తున్నారు. అంచులన్నీ ఉండలు కట్టి ఉన్నాయి. ఆమెకి ఒళ్ళు మండింది. గోడకి ఆనించిన పార అందుకుంది. తలగుడ్డ కట్టుకోలేదు.

"ఆంటీ, ఫోటో!" తలుపు దగ్గర కెమెరా అతను బిక్కముఖం వేసుకుని నిలబడ్డాడు.

"పన్నెండు వారాలాగి రా నాయనా. నేనిక్కడే ఉంటాను. మా బుజ్జి మీటరు పట్టుకొస్తుంది. ఏది ముందో, ఏది తర్వాతో అప్పుడు రాసుకుందువు గాని."

కూతురు అతన్ని తప్పించుకుని బయటికి వచ్చింది. తల్లి పక్కనే ఎండలో నిలబడి, ఫైలు నేల మీద పెట్టి, చీపురు అందుకుంది. ఉండలు కట్టిన పొలుసుల్ని విడదీయడం మొదలుపెట్టింది.

"అలా కాదే. అడుగు నుంచి" అంది పొలుసులక్క.

"అడుగు నుంచే చేస్తున్నా."

"ఏడిశావ్."

ఇద్దరి మధ్యా ఆ మాటతో పొద్దుటి గడియ తెరుచుకుంది.

హాలు కిటికీకి నిలువెత్తు అద్దం ఉంది. లోపల ప్యాకింగు ఆడవాళ్ళు పనులాపి గుంపుగా నిలబడ్డారు. తమ్ముడు మేనేజరు చెవిలో ఏదో చెప్తున్నాడు. కాగుల మేస్త్రి బల్ల మీదికి వంగి ఉన్నాడు. నాలుగో తరగతితో బడి మానేసిన చెయ్యి అది. పేరు పూర్తిగా రాయడానికి నిమిషం పైనే పడుతుంది.

పొలుసులక్క చూడకూడదనుకుంది. పార నేలకి ఆనించి చూసింది.

అతని మోచెయ్యి కదలడం మొదలైంది. పేరు రాస్తున్నాడో, కాగితంలో ఉన్నది కొట్టేస్తున్నాడో, ఎండ మెరుపులో కనబడలేదు.